వాసన లేని గాలి

మా ఆయన ఒంటిమీద చిన్న గాయం కూడా లేదు. ఫ్యాక్టరీ వాళ్ళు అంబులెన్సులో తెచ్చి జగ్గయ్యపేటలో మా ఇంటి ముందు దించినప్పుడు మా అత్తయ్య మొదట వెతికింది దానికోసమే. చొక్కా గుండీలు విప్పి ఛాతీ చూసింది. తల అటూ ఇటూ తిప్పి చూసింది. అరచేతుల మీద పాత నిప్పురవ్వల మచ్చలు తప్ప ఇంకేమీ కనపడలేదు.

"పైపు లోపల గ్యాసమ్మా, ఊపిరాడలేదు" అన్నాడు వెంట వచ్చిన సూపర్‌వైజరు.

పొగ లేదు, మంట లేదు, నీళ్ళు లేవు. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒక గొట్టంలోకి పాక్కుంటూ వెళ్ళి ఊపిరి తీసుకోవడం ఎలా మర్చిపోతాడో నాకు అర్థం కాలేదు.

ఆయన పైపు వెల్డరు. ఇక్కడి సిమెంటు ఫ్యాక్టరీల్లో పని నేర్చుకుని, తర్వాత బయటి జిల్లాలకు మరమ్మతు పనుల మీద వెళ్ళేవారు. పోయేనాటికి మా పాపకు నాలుగేళ్ళు. నేను మెయిన్ బజారులో ఒక సెట్టిగారి ఎరువుల కొట్టులో పనికి కుదిరాను. బేరాలు లేని మధ్యాహ్నాల్లో కుర్చీలో కూర్చుని ఊపిరి బిగబట్టి చూసేదాన్ని. కాసేపటికి ఛాతీ మండేది, చెవుల్లో హోరు పుట్టేది, నేను వద్దనుకున్నా నోరు దానంతటదే తెరుచుకునేది. మరి ఆయన నోరు ఎందుకు తెరుచుకోలేదు? కేక వేశారా? ఎవరికీ వినపడలేదా? నా పేరు పెట్టి పిలిచి ఉంటారా? పగలంతా మనుషులకు యూరియా బస్తాలు చూపిస్తూనే ఉండేదాన్ని, లోపల మాత్రం ఆ కేక వినిపిస్తూనే ఉండేది.

ఆ రోజు ఆయన్ని గొట్టంలోంచి బయటికి లాగిన మనిషిది నందిగామ. ఇద్దరూ ఏళ్ళ తరబడి కలిసి పనిచేశారు. నేను అన్నయ్య అని పిలిచేదాన్ని. ఆ తర్వాత అన్నయ్య సైటు పనులు మానేసి, నందిగామలో హైవే పక్కన రేకుల షెడ్డు వేసుకుని కుర్రాళ్ళకు పైపు వెల్డింగ్ నేర్పుతున్నారని తెలిసింది. ఒక ఆదివారం చర్చి నుంచి అటే బస్సెక్కి వెళ్ళాను.

"అన్నయ్యా, ఆ రోజు ఏం జరిగిందో చెప్పండి. చాలు, వెళ్ళిపోతా."

ఆయన చేతిలో ఉన్న గ్రైండరు కింద పెట్టారు. "చెప్తే తెలిసేది కాదు చెల్లెమ్మా" అన్నారు.

"అయితే నేర్పండి."

అనాలని వెళ్ళిన మాట కాదది. అన్నాక మాత్రం వెనక్కి తీసుకోవాలనిపించలేదు. ఆయన వద్దన్నారు. మళ్ళీ ఆదివారం వెళ్ళాను, మళ్ళీ వద్దన్నారు. మూడోసారి తోలు చేతి తొడుగులు నా ముందు పెట్టారు.

ఇంట్లో అత్తయ్య అన్నం తినడం మానేసింది. "నా కొడుకుని మింగిన పనే నీకూ కావాల్సొచ్చిందా?" అంది. పాపను ఆమె దగ్గర వదిలి, కొట్టు మానేసి, పొద్దున్నే నందిగామ బస్సు ఎక్కడం మొదలుపెట్టాను.

మొదట్లో నిప్పు ముట్టనివ్వలేదు. పైపు ముక్కల అంచులు గ్రైండరుతో ఏటవాలుగా చెక్కడం, రెండు ముక్కల్నీ ఎదురెదురుగా నిలబెట్టి మధ్యలో సన్నని సందు వదలడం, అది అన్ని వైపులా సమానంగా ఉందో లేదో ఒక తీగ ముక్క పెట్టి చూడటం. ఆ సందు కదలకుండా నాలుగు చోట్ల చుక్కల్లా అతికించడం, దాన్ని టాకా అంటారు. తర్వాత రాడ్డు, కరెంటుతో కరిగి అతుకయ్యే కడ్డీ. చదునైన రేకు మీద అతుకు వేయడం కొన్నాళ్ళకు వచ్చేసింది. పైపు అలా కాదు. గుండ్రంగా ఉంటుంది కాబట్టి అడుగున మొదలుపెట్టి పైకి వచ్చేలోపు మన చెయ్యి, మణికట్టు, నడుము అన్నీ దానితోపాటే తిరగాలి. ఎక్కడ ఆగినా అక్కడ లోపం మిగిలిపోతుంది.

"చూడకు, విను" అనేవారు అన్నయ్య. "నూనెలో బజ్జీ వేగినట్టు ఒకటే చప్పుడు రావాలి. పటపటమందంటే చెయ్యి దూరం పోయినట్టు."

హెల్మెట్ దించుకుంటే నిప్పు రాజుకునేదాకా ఏమీ కనపడదు. ఆ నల్ల అద్దం వెనక నా ఊపిరే నాకు గట్టిగా వినపడేది. కొన్నిసార్లు రెండు ఊపిరులు వినపడేవి. ఒకటి నాది. రెండోది కాస్త బరువుగా, సిగరెట్ తాగే మనిషిది. నేను కదలకుండా ఉండిపోయేదాన్ని. రాడ్డు తగిలి వెలుగు పుట్టగానే అది ఆగిపోయేది. భయమేసేది. అయినా హెల్మెట్ దించుకునే ఆ క్షణం కోసం ఎదురుచూసేదాన్ని. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ప్రార్థన చేయిస్తారు, లేదా పని మాన్పిస్తారు. నాకు రెండూ ఇష్టం లేవు.

ఎండలు ముదిరిన ఒక సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు విడుస్తున్నాను. లోపల పాప బొమ్మలతో ఆడుకుంటోంది. తల ఎత్తకుండానే "నాన్నా!" అని కేకేసి గుమ్మం దాకా పరుగెత్తుకొచ్చింది. నన్ను చూసి ఆగిపోయింది. నా వెనక ఎవరైనా ఉన్నారేమో అని పక్కకు వంగి వీధిలోకి చూసింది.

"నాన్న వాసనొచ్చింది" అంది.

కాలిన ఇనుము, రాడ్డు పొగ, చెమట కలిసిన వాసన. ఏడేళ్ళు నేను ఆయన బట్టలు ఉతికి వదిలించిన వాసన అది. ఇప్పుడు పనికి వేసుకునే నా చొక్కాకు పట్టింది. పాపకు ఆయన ముఖం గుర్తులేదనుకున్నాను, ఫోటో చూపిస్తే ఒక్కోసారి తడబడేది కూడా. ముక్కు మర్చిపోలేదు.

ఆ రాత్రి చొక్కా నానబెట్టబోతే అత్తయ్య నా చేతిలోంచి లాక్కుంది. తిడుతుందనుకున్నాను. దాన్ని మడిచి తన తలగడ కింద పెట్టుకుని అటు తిరిగి పడుకుంది. ఆ తర్వాత ఆమె నా పని గురించి ఏమీ అనలేదు. రోజూ నేను విప్పిన చొక్కా తీసుకుని, తెల్లారాకే ఉతికేది.

వానలు పడ్డాక అన్నయ్య స్టీలు పైపుల పని మొదలుపెట్టారు. దానికి ఆర్గాన్ గ్యాస్ కావాలి. బయటినుంచి అతుకు వేస్తుంటే లోపలివైపు గాలి తగిలి మాడిపోకుండా, గొట్టం లోపలంతా ఆ గ్యాస్ నింపుతారు. ఆ రోజు కుర్రాళ్ళను టీకి పంపేసి నన్ను ఉండమన్నారు. ఒక పైపును నిలువుగా నిలబెట్టి, అడుగు మూసి, సన్నని ట్యూబు లోపలికి పెట్టి గ్యాస్ వదిలారు.

"వాసనేమన్నా వస్తోందా?"

"లేదన్నయ్యా."

"రంగు?"

"లేదు."

కొవ్వొత్తి వెలిగించి, తీగకు కట్టి నా చేతికిచ్చారు. "దించు."

దించాను. పైపు అంచు దాటి కొంచెం లోపలికి వెళ్ళగానే మంట ఆరిపోయింది. గాలికి ఆరినట్టు రెపరెపలాడలేదు. ఎవరో కళ్ళు మూసినట్టు ఆరిపోయింది. మళ్ళీ వెలిగించి దించాను. మళ్ళీ అక్కడే.

"ఆ రోజుది పెద్ద పైపు, మనిషి పట్టేంత" అన్నారు అన్నయ్య. "లోపలి అతుకు ఎలా వచ్చిందో చూసొస్తానని దూరాడు. గ్యాస్ కట్టేశారనుకున్నాం. కట్టలేదు. 'వస్తున్నావా?' అని అడిగా. 'వస్తున్నా' అన్నాడు. మామూలుగానే అన్నాడు. అంతే. టార్చి వెలుగుతూనే ఉంది, మనిషి కదల్లేదు. నేనూ దూరా. నాకు ఊపిరాడకపోవడమేం లేదు చెల్లెమ్మా, హాయిగానే ఉంది. కాళ్ళలో సత్తువ పోయింది. వెనకనుంచి ఎవరో నా కాళ్ళు పట్టి లాగకపోతే నేనూ అక్కడే. తర్వాత గాలి కొట్టించి, మళ్ళీ వెళ్ళి తీసుకొచ్చా."

"కేకేశారా?"

"లేదు. కేకెయ్యాలని తెలియదు. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, అందులో ప్రాణవాయువు ఉండదంతే. ఒంటికి తెలియనివ్వదది."

ఇన్నాళ్ళూ నా లోపల మోగిన ఆ కేక ఎవరూ వెయ్యనిది. ఆయన నన్ను పిలవలేదు. పాపను తలుచుకోలేదు. బాధపడలేదు కూడా. ఊరట కలగాలి కదా అనుకున్నాను. కలిగింది. దాని పక్కనే ఇంకొకటి కూడా వచ్చి కూర్చుంది: చివరి క్షణంలో మేమెవరమూ అక్కడ లేము. చాలా రోజులు ఏడ్చాను, దేనికని అడిగితే చెప్పలేకపోయేదాన్ని. హెల్మెట్ లోపల ఆ రెండో ఊపిరి ఆ రోజునుంచి వినపడలేదు. దాన్ని కూడా నేనే పోగొట్టుకున్నట్టు అనిపించింది.

వెల్డరు పరీక్షలో నా మొదటి ముక్క పోయింది, లోపల ఒకచోట అతుకు పట్టలేదు. రెండోసారి పాసయ్యాను. ఇప్పుడు జగ్గయ్యపేట దగ్గరే ఒక వర్క్‌షాపులో చేస్తున్నాను. పెద్ద పైపుల పని వచ్చినప్పుడు గాలి కొలిచే మీటరు పెట్టకుండా ఎవరినీ లోపలికి వెళ్ళనివ్వను, నవ్వినా సరే, విసుక్కున్నా సరే.

గాలి బాగుందని మీటరు చూపించాక కూడా నేనొక పని చేస్తాను. గొట్టం అంచున వంగి, "ఎవరన్నా ఉన్నారా?" అని అడుగుతాను. లోపలినుంచి నా గొంతే తిరిగొస్తుంది. ఒక్కోసారి అది రావడం కాస్త ఆలస్యమవుతుంది. వచ్చేదాకా అక్కడే నిలబడతాను.