పెంటకుప్ప దగ్గర పరీక్ష

"అది బంగారు పట్టా కాదు అంతూన్, బంగారు రంగు పూసిన అట్టముక్క. దానికోసం నేను జాగ్రెబ్ దాకా రైలెక్కి పోవాలట. పోను. వేదిక మీద జ్వోంకో కూర్చుంటాడు. నా చెయ్యి పట్టుకుని ఊపుతాడు. వాడు పూసుకునే సెంటుకన్నా నాకు పందుల కంపే నయం."

రుజిత్సా ఆ మాట అని కాఫీ కప్పు ఠపీమని బల్ల మీద పెట్టింది. చదువు పూర్తయి యాభై ఏళ్లయిన వాళ్లందరినీ పిలిచి మళ్లీ ఒక పట్టా ఇవ్వడం ఆమె చదివిన కాలేజీలో ఆనవాయితీ. ఈ ఏడు ఆమె వంతు వచ్చింది. భూమి కొలతలు, పటాల తయారీ ఆమె చదువు. జాకొవో పట్నంలో ఆ ఉద్యోగమే చేసి రిటైరైంది.

ఎదురుగా కూర్చున్న అంతూన్ పక్క వాటాలో ఉంటాడు. రైళ్లలో టికెట్లు తనిఖీ చేసి చేసి అతనూ రిటైరైనవాడే. పెద్దగా చదువుకోలేదు. కానీ ఎవరు నోరు విప్పినా అడ్డు తగలకుండా ఆఖరిదాకా వినే ఓపికుంది. తలుపు దగ్గర పారకు ఎందుకు చోటిచ్చారని రుజిత్సాను నిరుడే అడగాలనుకున్నాడు, అడగలేదు. మూడో అంతస్తులో ఉండే మనిషికి పారతో ఏం పని?

"జ్వోంకో ఎవరు పిన్నీ?" అన్నాడు.

"నా గైడు. నా ఖర్మ. వింటావా? అయితే ఆ కిటికీ తెరువు. తలుచుకుంటేనే ముక్కు మూసుకోవాలనిపిస్తుంది."

దేశం ఇంకా యుగోస్లావియాగానే ఉన్న రోజులవి. కొలతల చదువులో ఆడపిల్లలు అరుదు. రుజిత్సా తండ్రి పొగాకు ఆరబెట్టే కొట్టాల దగ్గర కూలి. ఆమెకు వచ్చే స్కాలర్‌షిప్ ఆ వేసవితో ఆగిపోతుంది. ఆలోగా ఆఖరి పని పూర్తిచేసి పరీక్షకు నిలబడకపోతే హాస్టల్లో మంచం ఉండదు. ఇంటికి పోయి పొగాకు ఆకులు గుచ్చుకోవలసిందే. ఆ పచ్చి పొగాకు బంక వేళ్లకు అంటుకుంటే తినే రొట్టెముక్క కూడా చేదెక్కిపోతుంది. ఆ చేదు నుంచి తప్పించుకోవడానికే ఆమె చదువులోకి వచ్చింది.

వచ్చాక చదువులోనూ ఆమెకు రోతే ఎదురైంది. పొలంలో కొలిచిన కొలతలు చుట్టూ తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చి కలవాలి. కలవకపోతే మళ్లీ కొలవాలి. కానీ కుర్రాళ్లు మళ్లీ కొలిచేవాళ్లు కాదు. చెట్టు కింద పడుకుని, అంకెలను అటూ ఇటూ సర్ది, కలిసినట్టు రాసేసేవాళ్లు. దానికి తల దువ్వడం అని పేరు. "నీ అంకెలకు తల దువ్వావా?" అని ఒకరినొకరు అడిగి నవ్వుకునేవాళ్లు. ఎలా దువ్వాలో వాళ్లకు చూపించింది జ్వోంకోనే. అతను అప్పుడు కుర్ర లెక్చరరు. జుట్టు నున్నగా వెనక్కి దువ్వి, తెల్ల బూట్లతో పొలాలకు వచ్చేవాడు.

"తెల్ల బూట్లా?"

"తెల్లవే. గుర్తుపెట్టుకో, వాటితో పనుంది."

ఆమె ఆఖరి పనికి లిపోవ్‌దోల్ అనే ఊరి అంచు ఇచ్చారు. పాత రాజుల కాలంలో గీసిన పటాన్ని సరిచూసి కొత్తది గీయాలి. అక్కడ మార్టిన్ అనే రైతు ఇంట్లో బస. మార్టిన్ భారీ మనిషి, నోరూ పెద్దదే. భార్య పొద్దున్నే పందికొవ్వు వేయించిన కరకరలు, ఎర్రటి కారం పట్టించిన సాసేజ్ పెట్టేది. "తిను అమ్మాయ్, గాలికి ఎగిరిపోయేలా ఉన్నావు. నీ కొలత గొలుసుతో నిన్నే కట్టేసుకోవాలి," అని మార్టిన్ ఎగతాళి చేసేవాడు. రుజిత్సా తిన్నది. ఆకలికి రుచి తెలియలేదు. తరవాత తెలిసింది.

అన్ని హద్దురాళ్లూ సరిగ్గా దొరికాయి, ఒక్క మూల తప్ప. మార్టిన్ దొడ్డికీ, పక్కింటి విధవరాలు కాటా తోటకీ మధ్య హద్దు మూల అది. రాయి కంచె వారనే ఉంది. కానీ పాత పటం ప్రకారం మూల అక్కడ పడటం లేదు. లెక్క ఎన్నిసార్లు వేసినా మార్టిన్ దొడ్డి లోపల, పందుల కొట్టం వెనక పెంటకుప్ప నడిమధ్యన పడుతోంది.

జ్వోంకో వచ్చి చూశాడు. దూరం నుంచే చూశాడు.

"పాత పటం తప్పుండొచ్చు. రాయి ఉంది కదా. దాన్నే తీసుకో. మిగతాదానికి కాస్త తల దువ్వు."

"రాయి జరిపారేమో."

"జరిపితే మనకేం? నువ్వు పోలీసువా, విద్యార్థివా?"

రుజిత్సా ఆ రాయి కింద తవ్వింది. పాత సర్వేయర్లకు ఒక పద్ధతి ఉండేది. హద్దురాయి పాతేముందు గొయ్యి అడుగున పెంకు, గాజుముక్క, బొగ్గు అమర్చేవాళ్లు. కుళ్లవు, తుప్పు పట్టవు, ఎవరికీ పనికిరావు. వాటిని మూగసాక్షులనేవాళ్లు. ఎవడైనా రాత్రికి రాత్రి రాయిని జరిపినా, జరిపేది రాయినే. కింద ఏముందో వాడికి తెలియదు. ఈ రాయి కింద ఏమీ లేదు. శుభ్రమైన మట్టి. ఆ మట్టి అంత శుభ్రంగా ఉండటమే రోతగా తోచింది.

"అయితే తిన్న సాసేజ్ గుర్తొచ్చిందన్నమాట," అన్నాడు అంతూన్.

"గొంతుదాకా వచ్చింది."

మధ్యాహ్నం భోజనం బల్ల దగ్గర ఆమె మాట కదిపింది. మార్టిన్ చెంచా ఆపి చూశాడు. తరవాత పకపకా నవ్వాడు.

"రాయి అక్కడుంటే పెంటలో ఏం వెతుకుతావు అమ్మాయ్? పందులు చదువుకున్నాయా ఏంటి, హద్దులు దాచుకోడానికి?"

"చూస్తే పోయేదేముంది బాబాయ్?"

"నా తిండి తిని నా దొడ్డే తవ్వుతానంటావా? తవ్వు. పెంట ఎత్తే పంగలపార కొట్టంలో ఉంది. అరగంటలో నీ సంగతి తేలిపోతుంది. ఇదిగో, పక్కింటి కాటాను కూడా పిలవండర్రా, ఉచితంగా సర్కస్సు."

అతనికి భయం లేదు. రాయి జరిపింది అతను కాదు, తండ్రి. రాయి కింద సాక్షులుంటారని ఆ తండ్రికీ తెలియదు, కొడుక్కీ తెలియదు. పెంటకుప్ప మాత్రం కావాలనే అక్కడ వేశారు. ముక్కున్నవాడెవడూ అక్కడికి రాడని వాళ్ల ధీమా.

రుజిత్సా తలకు గుడ్డ కట్టుకుని దిగింది. పైపొర ఎండి అట్టకట్టింది. దాని కింద పొగలు కక్కే వేడి ముద్ద. ఇంకా కింద నల్లటి పులిసిన బురద. పార గుచ్చితే బుడగలు వచ్చి పగిలేవి. తెల్లటి పురుగులు మణికట్టు మీదికి పాకేవి. కంపు ముక్కులోంచి కాదు, నోట్లోంచి, కళ్లలోంచి లోపలికి పోయేది. కంచె మీద ఊరివాళ్లు వరసగా వాలి సారా సీసా చేతులు మార్చుకున్నారు.

"ఏమే పిల్లా, ఇదేనా యూనివర్సిటీ?" అని ఎవరో అన్నారు.

"మా పందులు దీన్ని రోజూ పాసవుతున్నాయి," అన్నాడు మార్టిన్.

కాటా నవ్వలేదు. కంచె పట్టుకుని గుడ్లప్పగించి చూస్తోంది. ఆమె కళ్లలో ఉన్నది న్యాయం కాదని రుజిత్సాకు అప్పుడే అనిపించింది. అది ఆకలి. అయినా తవ్వడం ఆపలేదు.

సాయంత్రానికి గట్టి మట్టి తగిలింది. ఆమె పార పక్కనపెట్టి వేళ్లతో గీకింది. పసుప్పచ్చ మట్టిలో చదునుగా పడుకోబెట్టిన పెంకు. దానికి ఆనించి నిలబెట్టిన ఆకుపచ్చ సీసా ముక్క. చుట్టూ బొగ్గు. ఎవరో చేత్తో, శ్రద్ధగా పేర్చినట్టుంది. పెంటలో విసిరిపారేసిన చెత్త అలా ఉండదు.

మార్టిన్ వంగి చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"సీసా పెంకులు ఎక్కడైనా ఉంటాయి."

"ఉంటాయి బాబాయ్. ఇలా ఉండవు."

"ఈ పూట నుంచి నీకు నా ఇంట్లో తిండి లేదు."

"వద్దు. నాకూ ముద్ద దిగేలా లేదు."

ఆమె ఆ పెంకుల మీద ఒక చెక్క మూసి, దాని మీద మట్టి కప్పింది. మర్నాడు జ్వోంకో వచ్చాడు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని విషయం విన్నాడు.

"సరే, వాటిని తీసి సంచిలో వేసుకో. పరీక్ష కమిటీ ముందు పెట్టు."

"తీస్తే ఎలా? నేలలో ఉంటేనే సాక్ష్యం. సంచిలో వేస్తే చెత్త. నేనే ఎక్కడో ఏరుకొచ్చానని మీరే అంటారు."

"అయితే కంచె దగ్గర రాయే మూల అని రాసెయ్. రెండింట్లో ఏదో ఒకటి. కమిటీ నీకోసం పందుల దొడ్డికి రాదు. నేను సంతకం పెట్టను. పొగాకు గుచ్చుకోవడం మర్చిపోలేదనుకుంటా?"

ఆ ఆఖరిమాట అన్నందుకు ఈ రోజుకీ అతన్ని క్షమించలేదామె. తన తండ్రి పని అతనికి ఎవరు చెప్పారో కూడా తెలియదు.

రుజిత్సా స్టేషనుకు నడిచింది. బట్టలు మార్చుకుంది గానీ కంపు మార్చుకోలేకపోయింది. రైలు పెట్టెలో ఆమె కూర్చోగానే జనం ఒక్కొక్కరే లేచి పక్కపెట్టెకు పోయారు. ఒకావిడ పిల్లాడి ముక్కు మూసి మరీ తీసుకుపోయింది.

"టికెట్ తనిఖీకి నాలాంటివాడు వచ్చాడా?" అంతూన్ అడిగాడు.

"వచ్చాడు. తలుపు దగ్గర నిలబడే, సరే సరే అనేసి పోయాడు. టికెట్ చూడనేలేదు."

"నేనైనా అంతే చేసేవాణ్ని పిన్నీ."

"తెలుసు. అందుకే చెప్తున్నా."

జాగ్రెబ్‌లో ఆమె నేరుగా కమిటీ పెద్ద జాబోర్‌స్కి గదికి పోయింది. ముసలాయన. చెవి సరిగా వినపడదు, ముక్కుపొడుం అలవాటు. కంపు తగిలిందో లేదో తెలియదు, కిటికీ మాత్రం తెరిచాడు.

"పెంకులేవమ్మా?"

"ఉన్నచోటే ఉన్నాయండీ."

"తీయలేదా?"

"తీస్తే ఇంకెక్కడుంటాయండీ?"

ఆయన కాసేపు ఆమె చేతులవైపు చూశాడు. గోళ్లలో నలుపు. తరవాత సొరుగు మూసి, ఆ ఊరికి రైలు ఎప్పుడుందని అడిగాడు.

అలా ఆమె ఆఖరి పరీక్ష పెంటకుప్ప దగ్గర జరిగింది. అక్కడికి జాబోర్‌స్కి, జ్వోంకో, ఇంకో లెక్చరరు వచ్చారు. కంచె మీద ఊరు ఊరంతా వాలింది. మూడో ఆయన దొడ్డి గేటు దాటగానే కొట్టం చాటుకు పోయి వాంతి చేసుకున్నాడు, మళ్లీ కనిపించింది సంతకం వేళకే. జ్వోంకో తెల్ల బూటు ఒకటి బురదలో దిగబడి, కాలు పైకొచ్చింది గానీ బూటు రాలేదు. ఊరంతా నవ్వింది. మార్టిన్ కూడా నవ్వాడు.

జాబోర్‌స్కి మోకాళ్ల మీద కూర్చుని పెంకు, గాజు, బొగ్గు చూశాడు. ముట్టుకోలేదు. అక్కడ కూర్చునే ప్రశ్నలు అడిగాడు. కొలతలు ఎక్కణ్నుంచి తీసుకున్నావు, ఎన్ని వైపుల నుంచి సరిచూశావు, కంచె రాయి కింద మట్టి ఎలా ఉంది. చెవి వినపడక ప్రతిదీ రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఈగలు ఆమె నోట్లోకి వస్తుంటే ఉమ్మి, మళ్లీ జవాబు చెప్పింది. కంచె దగ్గర రాయిని పెకలింపించి, తెప్పించి, సాక్షుల మీద నిలబెట్టించాడు ఆయన.

"పాసు," అన్నాడు.

మంచి మార్కు ఇవ్వాలన్నాడట జాబోర్‌స్కి. మిగతా ఇద్దరూ ఒప్పుకోలేదు. పటం మీద వేలిముద్రలున్నాయనీ, కాగితం కంపు కొడుతోందనీ అన్నారట. బొటాబొటీ మార్కుతో బయటపడింది. ముసలాయన అభినందించడానికి చెయ్యి చాచాడు. ఆమె చెయ్యి చూశాడు. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని టోపీ ఎత్తాడు.

"ఆయన కూడానా?" అంతూన్ గొంతు తగ్గింది.

"ఆయన కూడా. అంత మంచివాడు, అయినా. ఆ రోజు నా చెయ్యి ముట్టుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. నేనూ ముట్టుకోలేకపోయాను. ముఖం కడుక్కోవాలంటే మోచేతులతో నీళ్లు పోసుకున్నాను."

"కాటాకు ఆమె నేల దొరికింది కదా. ఆమె అయినా సంతోషించిందా?"

రుజిత్సా పెదవి విరిచింది.

మరుసటి వేసవి ఉద్యోగం మీద ఆమె ఆ ఊరికే పోయింది. కాటా పరుగెత్తుకొచ్చి, "మా అమ్మే, మా తల్లే," అని దూరం నుంచే దండం పెట్టింది. ఆమె వెనక కొత్త కోళ్లగూడు కనిపించింది. దాని గోడ రాయిని దాటి, మార్టిన్ వైపు మూరెడు లోపలికి జరిగి ఉంది. గోడ మొదట్లో తాజా పేడ, కోళ్లరెట్ట, చచ్చిన కోడిపిల్ల ఒకటి. దాని మీద ఈగలు. రుజిత్సా పరికరం భుజానికెత్తుకుంది. కాటా ముఖంలోనే ఆమెకు మార్టిన్ కనిపించాడు. ఉద్యోగం చేసినన్నాళ్లూ తను పోయిన ప్రతి ఊళ్లోనూ, ప్రతి కంచె వెనకాలా ఆ ఇద్దరే కనిపించారు. ఒకసారి డాక్టరు ఇంటి తోటలో, ఒకసారి చర్చి వెనక.

"మరి ఆ చదువెందుకని ఎప్పుడైనా అనిపించిందా పిన్నీ?"

"మనుషుల్ని చూస్తే అనిపించేది. రాయిని చూస్తే అనిపించేది కాదు. జ్వోంకో సంతకం పెట్టినా, ముసలాయన టోపీ ఎత్తినా, నా పట్టా ఏ గోడకీ వేలాడదీయలేదు. నా పట్టా అక్కడ పాతిపెట్టి ఉంది. అది నిలబడి ఉన్నంతకాలమే నాకు చదువొచ్చినట్టు."

ఆమె లేచి కిటికీ మూసింది. కాఫీ చల్లారిపోయింది. అంతూన్ కూడా లేచాడు.

"నువ్వు రేపు మీ చెల్లెలింటికి పోతావు కదా. లిపోవ్‌దోల్ మీదుగానే కదా బస్సు?"

"అవును."

"దిగు. ఆ దొడ్డి ఇప్పుడు ఎవడో పట్నంవాడు కొన్నాడట. మాంసం కాల్చుకునే పొయ్యి కట్టాడట, సరిగ్గా ఆ హద్దు మూలనే. ఎవర్నీ అడక్కు, తవ్వకు. కంచె పక్కగా పోయి మడమతో తట్టి చూడు. రాయి నిటారుగా ఉంటే నాకు ఫోను చెయ్యి, జాగ్రెబ్ పోయి ఆ అట్టముక్క తెచ్చుకుంటాను, జ్వోంకోకి చెయ్యి ఇస్తాను కూడా."

"లేకపోతే?"

రుజిత్సా తలుపు దగ్గరున్న పారను కాస్త పక్కకు జరిపి అతనికి దారి ఇచ్చింది.

"లేకపోతే ఫోను చెయ్యకు. వచ్చేటప్పుడు సంతలో నాకో జత రబ్బరు బూట్లు పట్టుకురా. మోకాళ్లదాకా ఉండేవి."