బత్తలపల్లె దారిలో ఇద్దరు సవతుల ఇల్లు

ఎనభైల మొదట్లో నేను మానవశాస్త్రంలో పరిశోధన మొదలుపెట్టిన కొత్తలో, అమెరికా నుంచి వచ్చిన ఒక పరిశోధకురాలు మా విభాగంలో మాట్లాడింది. అక్కడి మార్మన్ అనే క్రైస్తవ శాఖ ఎప్పుడో వదిలేసిన బహుభార్యత్వాన్ని ఇంకా ధర్మంగా పాటించే ఛాందస కుటుంబాల మధ్య ఆవిడ ఏళ్ల తరబడి ఉండి వచ్చింది. ఆవిడ చెబుతుంటే నాకు మా అనంతపురం జిల్లానే కళ్లముందు తిరిగింది. మతం చెప్పిందని కాదు గానీ, పిల్లలు పుట్టలేదనో, ఇంట్లో పనికి మనిషి చాలలేదనో రెండో పెళ్లి చేసుకున్న ఇళ్లు మా వైపు ఎన్ని లేవు! చట్టం ఒప్పుకోకపోయినా ఊరు ఒప్పుకున్న పెళ్లిళ్లు. ఆ ఇళ్లలో రోజెలా గడుస్తుందో తెలుసుకోవాలనిపించింది. ఆ తర్వాత నా ఉద్యోగ జీవితమంతా ఆ పనిలోనే గడిచింది. ఈమధ్య అటువైపు వెళ్లాలనుకుంటున్న ఇద్దరు విద్యార్థులు దారి అడిగారు కాబట్టి, నా మొదటి ప్రయాణం గురించి రాస్తున్నాను.

అనంతపురంలో పొద్దున్నే ధర్మవరం బస్సు ఎక్కాను. బత్తలపల్లెకు గంట లోపు ప్రయాణం, టికెట్టు మూడు రూపాయలు కూడా లేదు. వరసగా రెండేళ్లు వాన మొహం చాటేసింది. రోడ్డుకు రెండు పక్కలా ఎర్రనేల, రాళ్లు, గొర్రెల వెనక నడిచే మనుషులు. వేరుశనగ వేసిన చేలల్లో పశువుల మేతకు వేసే కట్టె కూడా మిగల్లేదు. బత్తలపల్లెలో దిగి, టీ తాగి, అక్కడున్న ఒకే ఒక్క జట్కా మాట్లాడుకున్నాను. నేను వెళ్లాల్సిన ఊరు అక్కడికి కోసెడు దూరం. ఆ ఊళ్లో ఒక నేతగాడికి ఇద్దరు భార్యలని తెలిసినవాళ్లు చెప్పారు.

"ఇద్దురు పెండ్లాల ఇల్లా?" అన్నాడు జట్కా ఆయన. "ఆయప్ప పోయి ఆర్నెల్లాయ గదమ్మా. ఇంగ ఎవర్ని అడుగుతారు?"

నేను సిద్ధం చేసుకున్న ప్రశ్నలన్నీ మొగుడి చుట్టూ తిరిగేవే. వెనక్కి పోదామా అంటే ఆయనే, "ఎట్లాగూ వచ్చినారు, ఆయమ్మల్ని చూసిపోండి. బాగా మాట్లాడతారు" అన్నాడు.

మగ్గం చప్పుడు వీధిలోకే వినిపించింది. లోపల గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నది పెద్దావిడ ఓబుళమ్మ. వయసు నలభై దాటి ఉంటుంది. ఆమె పక్కనే కూర్చుని అంచు వైపు పోగు నడిపే నాడె అందిస్తున్నది చిన్నావిడ రత్నమ్మ. ఆమెకు ముప్పై కూడా ఉండవు. పెద్ద అంచు పట్టుచీర ఆ మగ్గం మీద ఒక్కరే నేయలేరు. నేనెందుకు వచ్చానో చెప్పగానే ఓబుళమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"కేసు గీసు పెట్టేదానికి వచ్చినావా? పెట్టుకో తల్లీ. పెండ్లి చేసుకున్న మనిషే లేడు."

కేసు కాదు, చదువు అన్నాను. రత్నమ్మ పకపకా నవ్వి ఓబుళమ్మ వైపు తిరిగింది. "సవతుల మింద సదువు గూడా ఉండాదా అక్కా?"

దాంతో కాస్త చనువు కుదిరింది. పెళ్లయి పదేళ్లయినా పిల్లలు కలగకపోతే, ఓబుళమ్మే చిలమత్తూరు వైపు పోయి రత్నమ్మను చూసి, ఆ ఇంట్లోవాళ్లను అడిగి ఒప్పించిందట. మొగుడు ఇల్లు కదల్లేదు. రత్నమ్మకూ పిల్లలు పుట్టలేదు. "అప్పుడు తెలిసిపాయ, కొరత యాడుండాదో!" అంది ఓబుళమ్మ. ఇద్దరూ నవ్వారు.

మధ్యాహ్నం కావస్తుండగా భుజాన సంచితో ఒకతను గడప దగ్గర నిలబడ్డాడు. రత్నమ్మ అన్న నంజుండప్ప. చిలమత్తూరు దగ్గర పట్టుపురుగులు పెంచుతాడు. నన్ను పట్టించుకోకుండా సూటిగా చెల్లెలితోనే అన్నాడు: "రత్నా, గుడ్డలు సర్దుకో. హిందూపురంలో ఒకాయన మారుమనువుకు ఒప్పుకున్నాడు. మంచోడు, పెండ్లాం పోయింది. ఈసారి నువ్వొక్కదానివే."

రత్నమ్మ నాడె అందిస్తూనే ఉంది. అతను గొంతు పెంచాడు.

"బావ ఉన్నప్పుడు ఆయమ్మ నీకు సవతి. ఇప్పుడు బావే లేడు. ఇంగ ఆయమ్మ నీకు ఏమైతాది? చెప్పు."

మానవశాస్త్రంలో మేం గీసే బంధుత్వ పటాల్లో ఇద్దరు సవతులను కలిపేది మధ్యలోని మగవాడే. అతన్ని చెరిపేస్తే వాళ్లిద్దరి మధ్య గీతే ఉండదు.

ఓబుళమ్మ చేతులు మగ్గం మీదే ఆగిపోయాయి. "మీయన్న చెప్పేది సరే. పో రత్నా. మొగ్గానికి ఎవర్నన్నా కూలికి పెట్టుకుంటాలే."

అంతే, రత్నమ్మ భగ్గుమంది. కోపం అన్న మీద కాదు.

"నన్ను అడిగేదానికి మా ఊరికి నువ్వు వచ్చినావా, ఆయప్ప వచ్చినాడా? నీ మాట మింద వచ్చినా గానీ ఆయన మొగం చూసి వచ్చినానా? ఇప్పుడు పొమ్మంటే పోయేదానికి నేనేమన్నా కూలిమనిషినా?"

మొగుడి చావు గురించి కంటతడి లేకుండా చెప్పిన ఓబుళమ్మ అప్పుడు ఏడ్చింది. "నువ్వు బాగుండాలని గదే..." అంది. రత్నమ్మ లేచి చెంబుతో నీళ్లు తెచ్చింది. "అన్నా, ఎండన పడి వచ్చినావు. కాళ్లు కడుక్కో, తిందువు రా."

రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి, అంటే వేరుశనగ పచ్చడి. ఓబుళమ్మే వడ్డించింది. నంజుండప్ప మొహం ముడుచుకునే తిన్నాడు.

తిరుగు దారిలో నేనూ అతనూ కలిసే బత్తలపల్లె దాకా నడిచాం. ఊరు దాటాక అతనన్నాడు: "మా అమ్మకు ఏం చెప్పాలో తెలీలేదమ్మా. మీరు దీని మిందనే చదువుతాండారు గదా. ఆయమ్మను నేనేమని పిలవాల? ఇన్నేండ్లూ ఏమనీ పిలవలేదు." నాకూ తెలియదన్నాను. అతని ధర్మవరం బస్సు ముందొచ్చింది. ఎక్కబోతూ వెనక్కి తిరిగాడు. "మీరు మళ్లీ పోతారు గదా. ఉగాదికి ఇద్దుర్నీ రమ్మన్నానని చెప్పండి. ఓబుళక్కను గూడా రమ్మన్నానని గట్టిగా చెప్పండి."

చెప్పాను. ఆ ఉగాదికి మగ్గం ఆపి ఇద్దరూ చిలమత్తూరు వెళ్లారు, ఇద్దరూ తిరిగొచ్చారు. తర్వాతి ఏళ్లలో కణేకల్ నుంచి హిందూపురం దాకా ఇలాంటి ఇళ్లు చాలా చూశాను. ఒకే కప్పు కింద ఏళ్ల తరబడి మాటల్లేని సవతులను చూశాను. ఎవరూ అడక్కుండానే కట్టబెట్టిన ఆడపిల్లలను చూశాను. అన్ని ఇళ్లూ ఆ ఇల్లు లాంటివని చెబితే అబద్ధమవుతుంది. కానీ ఆ రోజు తర్వాత ఏ ఇంటికి వెళ్లినా, మొగుడు ఎవరితో ఎలా ఉంటాడన్నది తర్వాత అడిగేదాన్ని. ముందు, ఆడవాళ్లు ఒకరికొకరు ఏమవుతారో వాళ్ల నోటే చెప్పించుకునేదాన్ని. దాదాపు ప్రతి ఇంట్లోనూ వేరే జవాబు దొరికింది.

అటు వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: అనంతపురంలో పొద్దున మొదటి బస్సే పట్టుకోండి, ఎండ ముదిరేలోపు ఊరు చేరొచ్చు. ఎవరైనా అన్నానికి పిలిస్తే కాదనకండి. ప్రశ్నలు తిన్న తర్వాతే అడగండి.