కొబ్బరినూనె కాగితం మీద మా సముద్రం

ఇందాక బజ్జీలు కట్టించుకొచ్చిన కాగితం నూనె పీల్చి, వెనకవైపు అక్షరాలు ఇవతలికి కనిపించినాయి. అంతే, హైస్కూల్లో ఎస్సెల్సీ చదివిన రోజులకు పోయినాను.

మీకూ గుర్తుండే ఉంటుంది. ట్రేసింగ్ పేపరు కొనిచ్చేదెవరు? తెల్లకాగితానికి దూదితో కొబ్బరినూనె రుద్ది, ఎండలో పెట్టి, అట్లాసు మీద పరిచి పటం దించుకునేవాళ్లం. జాగ్రఫీ నోటుపుస్తకం తెరిస్తే జడలేసుకున్న తల వాసన, అట్టలోపల చీమలు!

ఒకరోజు అయ్యోరు నల్లబల్ల మీద మన నెల్లూరు తీరం గీయమని మస్తానమ్మని పిలిచినారు. నా పక్కన కూర్చునే జువ్వలదిన్నె పిల్ల. వాళ్ల నాయన సముద్రం మీద వేటకు పోయేవాడు. పైనుంచి గీసుకుంటా వచ్చి, వాళ్ల ఊరి దగ్గర కాస్త ఖాళీ వదిలి, మళ్లీ గీసింది.

"గీత తెగిందే, కలుపు" అన్నారు అయ్యోరు.

"కలపను అయ్యోరా. ఆడ ఏరు సముద్రంలో కలుస్తాది. మూసేస్తే మా నాయన పడవ ఇంటికి ఎట్టా వస్తాది?"

అందరం పగలబడి నవ్వినాం. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే. అయ్యోరు మాత్రం నవ్వలేదు. తాను చేత్తో వేసి గోడకు తగిలించిన పటం దగ్గరకు పోయి, ఆ చోట గీతని బ్లేడుతో గీకేసినారు.

పబ్లిక్ పరీక్షలో తీరం గీయమన్నారు. మార్కు పోతుందని తెలుసు. అయినా జువ్వలదిన్నె దగ్గర పెన్సిలు పైకెత్తినాను.

మస్తానమ్మ నాయన ఆ పొద్దు కూడా వేటకు పోయున్నాడు.