నాలుగు భాషలకూ తలూపిన బాలింత

కరోనా రావడానికి ముందు ఏడాది, జనవరి. తెలంగాణ సరిహద్దు అవతలి అడవి ప్రాంతంలో, గీదం దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో బాలింతల వార్డుకు నేను ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ని. ఫిన్లాండ్ నుంచి ఐనో అనే నర్సింగ్ విద్యార్థిని ప్రాక్టికం కోసం, అంటే చదువులో భాగంగా ఆసుపత్రి పని నేర్చుకోవడానికి, మా దగ్గరికి వస్తోందని డాక్టరుగారు చెప్పారు. స్టేషన్‌కు నన్నే పంపారు. మా నాన్న విజయనగరం వైపు నుంచి వచ్చి ఖనిజం గనులకు వెళ్ళే ఈ కిరండూల్ రైలు లైన్లోనే పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేశారు. ఆ బండి సంగతులు నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవని డాక్టరుగారి నమ్మకం.

బండి మాత్రం ఖనిజం గూడ్సులకు దారి ఇచ్చుకుంటూ బాగా ఆలస్యంగా వచ్చింది. ఇంటి దగ్గర మంచులో బయలుదేరిన పిల్ల, ఒక రైలు, మూడు విమానాలు మారి, విశాఖలో ఆగి, మళ్ళీ రోజంతా పాసింజర్‌లో కూర్చుని దిగింది. ముఖమంతా కిటికీ దుమ్ము. దిగగానే, "సిస్టర్, సొరంగాలు లెక్కపెట్టాను, మధ్యలో నిద్రపట్టి లెక్క తప్పింది" అంది ఇంగ్లీషులో. నాకు నవ్వొచ్చింది. చిన్నప్పుడు సెలవులకు అమ్మమ్మగారింటికి వెళ్ళేటప్పుడు నాకూ ప్రతిసారీ అదే జరిగేది.

మా వార్డులో హిందీ, హల్బీ, గోండి, తెలుగు నాలుగూ వినిపిస్తాయి. ఐనోకు ఒక్కటీ రాదు. ఎవరేమన్నా నవ్వి తలూపేది. "పాపం, ఈ పిల్లకి ఏటీ తెల్దు సిస్టరమ్మా, టీ తాగుతావా అన్నా తలూపుతాది, ఎవులు నువ్వు అన్నా తలూపుతాది" అనేది మా ఆయా పైడమ్మ. అంటూనే ముందు ఆమెకే టీ పోసేది.

ఐనో వచ్చిన నాలుగో వారంలో సమ్మక్క వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయేమో. మా పక్క జిల్లా బీజాపూర్ సంతలో నొప్పులు మొదలై అక్కడే కాన్పయితే, పాప రెండు కిలోల కన్నా తక్కువ ఉందని అక్కడి ఆసుపత్రివాళ్ళు మా దగ్గరికి పంపారు. తోడొచ్చిన మితానిన్, అంటే ఊళ్ళో ఆరోగ్యం చూసే కార్యకర్త, వీళ్ళ పక్క ఊరిది. పేరూ ఊరూ చెప్పి, భర్త మిరపకాయలు కోసే పనికి తెలంగాణ వెళ్ళాడని, అత్తకు కబురు పంపుతానని చెప్పి అదే అంబులెన్సులో వెనక్కి వెళ్ళిపోయింది.

అంత చిన్న పాపకు రెండు గంటలకోసారి పాలు పట్టాలి. ఆ మాట సమ్మక్కకు నేను తెలుగులో చెప్పాను. తలూపింది. హిందీలో చెప్పాను. తలూపింది. హల్బీలో నేను, గోండిలో ఇంకో ఆయా చెప్పాం. అన్నిటికీ తలూపింది. పాప ఏడుస్తుంటే మాత్రం కిటికీలోంచి ఇప్పచెట్ల వైపు చూస్తూ కూర్చునేది. మేం వెళ్ళి పాపను ఒళ్ళో పెడితే గబగబా అందుకుని పాలిచ్చేది. రెండో రోజు నాకు కోపం వచ్చి గట్టిగా అరిచాను. అప్పుడూ నవ్వింది. కేసు షీట్‌లో 'తల్లి సహకరించడం లేదు' అని నా చేత్తోనే రాశాను.

"బిడ్డ మీద మనసు లేదేటో" అంది పైడమ్మ.

మూడో రోజు పొద్దున పాప బరువు ఇంకా తగ్గింది. డాక్టరుగారు, "రేపటికి ఇలాగే ఉంటే పాపను జగదల్‌పూర్ పెద్దాసుపత్రికి పంపేద్దాం" అన్నారు. అక్కడ పసిపిల్లల గదిలో తల్లిని ఉండనివ్వరు. తల్లి ఒక చోట, బిడ్డ ఒక చోట.

ఆ మధ్యాహ్నం ఐనో నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. చెప్పాలా వద్దా అన్నట్టు చేతులు నలుపుకుంటోంది.

"సిస్టర్, భాష తెలియక నేనూ ఆమెలాగే నవ్వి తలూపుతాను. కానీ వెనక నుంచి పిలిస్తే తిరిగి చూస్తాను. ఆమె చూడదు."

నేను లేచి వెళ్ళి సమ్మక్క వెనక నిలబడి స్టీలు ట్రేని నేల మీదికి వదిలేశాను. వార్డులో అందరూ ఉలిక్కిపడ్డారు. పక్క మంచం మీది పసివాడు కెవ్వుమన్నాడు. సమ్మక్క తన జడ అల్లుకుంటూనే ఉంది.

నాలుగు భాషలు వచ్చన్న గర్వం నాకు ఎప్పుడూ ఉండేది. ఆ గర్వంతోనే, ఆమె పలకకపోతే మాకు రాని ఐదో భాష ఏదో ఆమెకు ఉందనుకున్నాను తప్ప, వినిపిస్తోందా అని ఒక్కసారి కూడా అనుకోలేదు. ముందుకు వెళ్ళి ఆమె చేయి పట్టుకున్నాను. నా కళ్ళలో నీళ్ళు చూసి ఆమే కంగారుపడి, ఏమైందన్నట్టు చెయ్యి తిప్పింది.

ఆ పూటే కంగారూ కేర్ మొదలుపెట్టాం. బిడ్డను తల్లి రొమ్ముకు ఒంటికి ఒళ్ళు తగిలేలా గుడ్డతో కట్టి ఉంచడం. చిన్న బిడ్డలకు వెచ్చదనం కోసం చేస్తాం. సమ్మక్కకు అది ఇంకో రకంగా కూడా పనికొచ్చింది. పాప పెదవి కదిలినా, కాలు ఆడించినా ఆమెకు తెలిసిపోయేది. ఐనో గడియారం బొమ్మ గీసి ముళ్ళు చూపించబోతే, సమ్మక్క ఆ కాయితం పక్కన పెట్టి, పాప నోటిని తన వేలితో తాకి చూపించింది. నాకు తెలుసులే అన్నట్టు.

మర్నాడు బరువు తగ్గలేదు. జగదల్‌పూర్ మాట డాక్టరుగారు మళ్ళీ ఎత్తలేదు. ఆపై రోజు నుంచి కొంచెం కొంచెంగా పెరిగింది.

ఐదో రోజు అత్త వచ్చింది. నేను సంగతి చెబితే ఆమె నన్నే వింతగా చూసింది. "ఏందమ్మా, మీకెవ్వలు చెప్పలేదా? మూడేండ్లప్పుడు జరమొచ్చి చెవులు పోయినయి. మా ఇంట్ల చెయ్యూపితే సాలు, అన్నీ ఎరుకైతయి దానికి. నా కొడుకు కంటే నయం."

షీట్‌లో నేను రాసిన మాట కొట్టేసి, 'తల్లికి వినిపించదు. ఎదురుగా వచ్చి చేత్తో చెప్పాలి' అని రాశాను. నా ఉద్యోగంలో నేను దిద్దుకున్న రాతల్లో అంత బరువైనది ఇంకొకటి లేదు.

వేసవి ముదరకముందే ఐనో వెళ్ళిపోయింది. అప్పటికి నాలుగు భాషల్లోనూ 'నొప్పా?' అని అడగడం నేర్చింది. ఇప్పుడు తన దేశంలో ముసలివాళ్ళ వార్డులో చేస్తోంది. క్రిస్మస్‌కు ఫోన్ చేస్తే పైడమ్మ తెలుగులోనే మాట్లాడుతుంది, ఆ పిల్ల అంతసేపూ వింటుంది.

రెండేళ్ళ తర్వాత సమ్మక్క పాపను తీసుకుని టీకాలకు వచ్చింది. వరుసలో ఆమె పేరు పిలిచాను. ఆమెకు వినిపించదని గుర్తొచ్చి నేను లేచేలోపే, పక్కన నిలబడ్డ చిన్నది తల్లి చీర పట్టి లాగి, నా వైపు వేలు చూపించింది.

కొత్తగా వచ్చే నర్సింగ్ పిల్లలకు నేనిప్పుడు మొదటి రోజే ఈ సంగతి చెబుతాను. రోగి మాట వినలేదని రాసే ముందు, ఆమెకు వినిపించిందో లేదో చూడండని.