పాప అన్న 'పో'

నేను థాయ్ నేర్చుకుంటున్నానని తెలియగానే మా ఆఫీసులో అందరి మొహాల్లోనూ ఒకే నవ్వు వచ్చింది. "ఏంటండీ, బ్యాంకాక్ టూరా? ఇంట్లో చెప్పారా మరి?" అని పక్క సీటు పెద్దాయన కన్ను కొట్టారు. నాకు ఒళ్ళు మండింది. మా అన్నయ్య కూతురితో మాట్లాడటానికండీ అని చెబితే ఆ నవ్వు చప్పున ఆగిపోతుందని తెలుసు. కానీ ఆ తరవాత వాళ్ళు చూసే జాలి చూపు నేను భరించలేను. అందుకని "అవునండి, టూరే" అని ఫైలు తెరిచాను.

అన్నయ్య రొయ్యపిల్లల హేచరీలో పనిచేసేవాడు. కాకినాడ దగ్గర సముద్రం ఒడ్డున పని నేర్చుకుని, అదే పని మీద థాయ్‌లాండ్ వెళ్ళి, అక్కడి అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. అమ్మ కొన్నాళ్ళు మూతి ముడుచుకుని కూర్చుంది. తరవాత వదిన ఫొటో తనే తెచ్చి బీరువా అద్దానికి అంటించింది. పాప పుట్టాక ఇక చెప్పేదేముంది, ఆదివారం చర్చి నుంచి వస్తూనే చెప్పులు విడవకముందే ఫోను అడిగేది. అన్నయ్య పాపని ఒళ్ళో పెట్టుకుని "నాన్న అను, నాన్నమ్మ అను" అని పలికించేవాడు. పాప వచ్చీరాని తెలుగులో 'నాన్న' అంటే ఇక్కడ అమ్మ పొంగిపోయేది.

కిందటేడు అమ్మకి కంటి ఆపరేషనని అన్నయ్య ఒక్కడే వచ్చాడు. ఆపరేషన్ బాగానే జరిగింది. నల్లద్దాలు పెట్టుకున్న అమ్మని "హీరోయిన్‌లా ఉన్నావే" అని ఏడిపించాడు. ఆ మర్నాడు తెల్లవారుతుండగా గుండెలో నొప్పన్నాడు. కారు కాకినాడ చేరకముందే ప్రాణం పోయింది. వదిన పాపని తన తల్లి దగ్గర వదిలి వచ్చింది. మా చర్చి వెనక సమాధుల తోటలో అన్నయ్య మీద మట్టి వేసింది. వెళ్ళేముందు అమ్మ చేతులు పట్టుకుని చాలాసేపు వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. అదేమిటో మాలో ఒక్కరికీ అర్థం కాలేదు.

ఆ తరవాత కూడా వదిన ఆదివారం ఫోను మానలేదు. అది ఆమె మంచితనం. కానీ పాప తెర మీదికి వచ్చి, మా భుజాల వెనక ఏదో వెతికినట్టు చూసి, "పో, పో" అనేది. ఇంకేదో గొణిగేది. మేం తెల్లమొహాలు వేసేసరికి లేచి వెళ్ళిపోయేది.

"నన్ను పొమ్మంటోందిరా" అంది అమ్మ.

"దానికి తెలుగెక్కడ వచ్చమ్మా?"

"మీ అన్నయ్య నేర్పలేదా? అన్నీ మర్చిపోయి ఆ ఒక్క ముక్కా గుర్తుపెట్టుకుంది. నా కంటి కోసం వచ్చేకదా వాడు పోయాడు. ఎవరో చెప్పుంటారు దానికి."

అలాంటిదేమీ లేదని ఎంత చెప్పినా వినలేదు. ఆపైన ఫోను మోగే వేళకి వంటింట్లో ఏదో పని కల్పించుకోవడం మొదలుపెట్టింది. వదిన వేలితో కళ్ళజోడు గీసి చూపించి, అత్తగారేరని సైగ చేస్తే, నేను నిద్రపోతోందని సైగ చేసేవాణ్ణి. ఇలాగే సాగితే ఆ పిల్ల మాకు కాకుండా పోతుందని భయం వేసింది. అన్నయ్య గుర్తుగా మాకు మిగిలింది అది ఒక్కతే. అందుకని థాయ్ మొదలుపెట్టాను.

రామచంద్రపురం నుంచి కాకినాడ వెళ్ళే బస్సే నా బడి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ఫోన్లో ఒక పంతులమ్మ వీడియోలు. నీళ్ళంటే నామ్, రొయ్య కుంగ్, అన్నం ఖావ్. ఇంతవరకూ బాగానే ఉంది. ఆ ఖావ్‌నే గొంతు దించి అంటే కబురట, సాగదీసి పైకెత్తితే తెలుపట. అన్నం, కబురు, తెలుపు అని గొంతు ఎత్తుతూ దించుతూ ఉంటే పక్కన కూర్చున్న ఆవిడ "గొంతులో ఏమైనా అడ్డం పడిందా బాబూ?" అని నీళ్ళ సీసా ఇచ్చింది.

మన 'అండి' లాంటి మర్యాద మాట వాళ్ళకీ ఉంది. పంతులమ్మ ప్రతి వాక్యం చివరా 'ఖా' అనేది. గోదావరి జిల్లా మనిషిని, ఊరుకుంటానా, ముక్కముక్కకీ ఖా తగిలించాను. వదినని "కిన్ ఖావ్ యాంగ్ ఖా", అంటే భోంచేశారా అండీ, అని అడిగాను. వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. అన్నయ్య పోయాక ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే. 'ఖా' ఆడవాళ్ళే అంటారట. మగవాళ్ళు 'ఖ్రప్' అనాలి. మన అండికి ఆడా మగా తేడా లేదు కదా, నాకేం తెలుసు. "మీ అన్నయ్యా మొదట్లో ఇలాగే అనేవాడు" అని తనకి వచ్చిన నాలుగు ఇంగ్లిషు ముక్కల్లో అంది. అంటూనే కళ్ళు తుడుచుకుంది.

చుట్టరికాల పాఠం ఒకరోజు ఇంటికి తిరిగొస్తూ బస్సులోనే విన్నాను. తల్లి మే. తండ్రి ఫో. వీడియో వెనక్కి జరిపి మళ్ళీ విన్నాను. పంతులమ్మ అచ్చం పాపలాగే అంది. పాప గొణిగే మిగతా ముక్క కూడా కిందటి పాఠంలోనే ఉంది: 'యూ నై', అంటే ఎక్కడ ఉన్నాడని. ఫో యూ నై. నాన్న ఎక్కడ? 'నాన్న' అనే మాట ఆ ఇంట్లో పలికే మనిషే లేడు కనుక పాప వాళ్ళ మాటలోకి మారిపోయింది. నేను దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

పాపకి వాళ్ళ నాన్న గురించి ఏం చెప్పారని, ఫోన్లోనే థాయ్‌లోకి మార్చి వదినకి మెసేజ్ పెట్టాను. నాన్న సంచి సర్దుకుని ఇండియాలో నాన్నమ్మ ఇంటికి వెళ్ళడం పాప చూసింది, ఇంకా అక్కడే ఉన్నాడని చెప్పాను, అంతకుమించి నా వల్ల కాలేదు, అని జవాబు రాసింది.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ చిక్కుడుకాయలు వలుస్తోంది. పక్కన కూర్చుని చెప్పాను. "నిన్ను పొమ్మనడం కాదమ్మా. నాన్న ఏడీ అని అడుగుతోంది." అమ్మ మనసు తేలికపడుతుందనే అనుకున్నాను. ఆవిడ చేతిలో ఉన్న కాయలన్నీ వలిచింది.

"పొమ్మందనుకుంటేనే బాగుండేదిరా" అంది చివరికి.

అయినా ఆ ఆదివారం ఫోను మోగేసరికి తనే వచ్చి కుర్చీ లాక్కుంది. అక్కడ నాన్నమ్మని ఏమంటారని అడిగింది. "యా అంటారమ్మా" అన్నాను. "యా. ఇంతేనా?" అని చిన్నగా అనుకుంది. నేను పాపకి చెప్పడానికి ఒక జవాబు బస్సులో వల్లించి ఉంచాను. 'ఫో తమ్ న్గాన్', నాన్న పనిలో ఉన్నాడు. అబద్ధమే, ఇంకేం చెప్పను.

పాప వచ్చింది. మా వెనక్కి తొంగిచూసింది. "ఫో యూ నై?"

నేను నోరు తెరిచేలోపు అమ్మ వంగి, తెర మీద పాప బుగ్గని వేలితో తాకింది. "పోయాడు తల్లీ" అంది. "మీ నాన్న పోయాడు."

పాప తెరకి దగ్గరగా జరిగింది. "ఫో... యా?" అంది. అమ్మ మాటలో దానికి తనకి తెలిసిన రెండు మాటలు వినపడ్డాయి: నాన్న, నాన్నమ్మ. మొహమంతా వెలుగొచ్చింది. వెనక్కి తిరిగి వాళ్ళమ్మతో గబగబా "ఫో యూ కప్ యా" అని చెప్పింది. వదిన తెర మీంచి పక్కకి తప్పుకుంది.

"ఏమంటోందిరా?" అని అమ్మ అడిగింది.

ఇంకోలా చెప్పాలని చూశాను కానీ తోచలేదు. "నాన్న నాన్నమ్మ దగ్గర ఉన్నాడంటోంది."

అమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తీసి, "ఇక్కడేగా ఉన్నాడు" అంది. "అది ఎలా అందో మళ్ళీ ఒకసారి చెప్పు."

చెప్పాను. అమ్మ ఫోనుని దగ్గరికి జరుపుకుని ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ పాపతో "ఫో... యూ... కప్ యా" అంది.

పాప ఈసారి లేచి వెళ్ళిపోలేదు. కళ్ళ మీద పడుతున్న జుట్టు వెనక్కి తోసుకుని, నాన్నని పిలుస్తారని ఫోను ముందు సర్దుకుని కూర్చుంది.