చర్చి పుస్తకంలోని పేరు

గల్ఫ్‌లో ఒక ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం ఖాయమయ్యాక మూడు నెలల పాటు కాగితాల వెంట తిరిగాను. నా డిప్లొమా కోల్‌కతా వెళ్లి ఒక ముద్ర, ఢిల్లీ వెళ్లి ఇంకో ముద్ర వేయించుకుని వచ్చింది. నేను ఇంతవరకు ఢిల్లీ చూడలేదు, నా డిప్లొమా చూసింది. పోలీసుల కాగితం కూడా చేతికొచ్చింది. మిగిలింది బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే. అది నాకు లేదు. బెంగాల్లోని ఖరగ్‌పూర్‌లో, ట్రాఫిక్ అనే రైల్వే కాలనీ క్వార్టర్లో, వంటగది పక్క గదిలో మంత్రసాని చేతిలో పుట్టినదాన్ని. అప్పుడు నా పేరు రాయించడానికి ఎవరూ పరుగెత్తలేదు. ఇప్పుడు నలభయ్యో పడికి దగ్గరపడి, నేను పుట్టానని సర్కారుని ఒప్పించాల్సి వచ్చింది. అదీ నెలాఖరులోగా. లేకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇస్తామని ఆసుపత్రి వాళ్లు రాశారు.

ప్రేమ్ బజార్లో టైపు, జిరాక్సు కొట్టు నడిపే దాదా ఉన్నాడు. ఖరగ్‌పూర్‌లో సగం మంది దరఖాస్తులు ఆయన చేతి మీదుగానే వెళతాయి. పుట్టుకకి పాత రుజువు ఏదైనా తెమ్మన్నాడు, బాప్తిస్మపు కాగితమైతే ఇంకా మంచిదన్నాడు. మా తెలుగు చర్చి అయ్యగారి దగ్గరికి వెళ్లాను. ఆయన పాత రిజిస్టరు తీసి, కళ్లజోడు సర్దుకుని, ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాసి ముద్ర వేసి ఇచ్చారు. నేను చదవకుండానే సంచిలో పెట్టుకున్నాను. నా బాప్తిస్మంలో కొత్తగా చదవడానికి ఏముంటుంది?

దాదా మాత్రం చదివాడు. పాస్‌పోర్టు ఒక పక్క, బాప్తిస్మపు కాగితం ఒక పక్క పెట్టుకుని చాలాసేపు చూసి, "దీదీ, ఆప్‌కే బాబా ఏక్ హై యా దో?" అన్నాడు.

జిరాక్సుల కోసం నిలబడ్డ కాలేజీ పిల్లలు కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. తండ్రులెంతమందని నడిబజార్లో అడిగించుకోవడానికా మూడు నెలలు తిరిగింది? కాగితాలు లాక్కుని చూశాను. పాస్‌పోర్టులో తండ్రి పేరు ఒకటి. నా బడి సర్టిఫికెట్‌లో, మా నాన్న పింఛను పుస్తకంలో ఉన్నదీ అదే. బాప్తిస్మపు కాగితంలో మాత్రం వేరే పేరు. నేను ఎన్నడూ వినని పేరు. ఇంటిపేరు ఒక్కటే కలిసింది.

ఆ కోపంతోనే టోటో రిక్షా ఎక్కి చర్చికి తిరిగి వెళ్లాను. "అయ్యగారూ, ఇదేటండీ? ఎవుల పేరో రాసిచ్చేసినారు!" అని గొంతు పెంచాను. ఆయన రిజిస్టరు నా వైపు తిప్పారు. అదే పేరు. ఇంకో పుస్తకం తీసి మా అమ్మానాన్నల పెళ్లి పేజీ చూపించారు. అక్కడా అదే పేరు, కింద తెలుగులో సంతకం. గుండ్రటి, లావుపాటి అక్షరాలు. చిన్నప్పుడు పలక మీద నాతో ఓనమాలు దిద్దించిన నాన్న చేతిరాత నాకు తెలియదా? అక్కడే బెంచీ మీద కూలబడ్డాను.

"తమ్ముణ్ణే అడుగమ్మా," అన్నారు అయ్యగారు.

తమ్ముడు అంటే మా నాన్నే. ట్రాఫిక్‌లో తెలుగువాళ్లు అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. ఆయనకంటే పాతికేళ్లు చిన్నవాళ్లు కూడా "తమ్ముడుగారూ" అంటారు. అది ముద్దుపేరనుకుని నేను ఎన్నిసార్లు నవ్వుకున్నానో! ఎవరూ ఆయన్ని పేరు పెట్టి ఎందుకు పిలవరని మాత్రం ఒక్కసారీ అడగలేదు.

ఇంటికెళ్లేసరికి నాన్న వరండాలో సైకిలు చైనుకి నూనె రాస్తున్నాడు. కాగితం ముఖం మీద పెట్టినట్టు పట్టుకుని, "నాన్నా, ఈ పేరు ఎవుల్ది?" అన్నాను.

చూశాడు. చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.

"నాదే."

"మరి పాస్‌పోర్టులో ఉన్నది?"

"మా యన్నది."

మా నాన్నకి అన్న ఉన్నాడన్న సంగతే నాకు తెలియదు.

"అన్నకి లోకో షెడ్డులో కాల్ లెటర్ వచ్చినాది," అన్నాడు నాన్న, చైను వైపే చూస్తూ. "ఆ వారంలోనే జొరం తగులుకున్నాది. మూడోనాటికి పోనాడు. మా అయ్య అంతకుముందే పోనాడు. మా యమ్మ నన్ను కూకోబెట్టి, రేపు నువ్వెల్లు, ఇకనించి నువ్వే ఆడివి అన్నాది. కాల్ లెటర్ మీద ఫోటో నేదు. ఆడి బడి సర్టిఫికెట్ అట్టుకుని ఎల్లినాను. ఇద్దరిదీ ఒకటే పోలిక. ఠీక్ హై అనేసి జాయిన్ సేసేసుకున్నారు. ఆ ఒక్క రోజు అబద్దమాడితే సాలనుకున్నాను. ఆడి పేరు మీదే సర్వీసంతా అయిపోనాది. ఆడు నాకన్నా రెండేళ్లు పెద్ద. అందుకే రెండేళ్లు ముందే రిటైరైపోనాను."

"మరి చర్చిలో?"

"దేవుడి పుస్తకంలో కూడా దొంగపేరు రాయమంటావేటి?" అని నా మీదే కేకలేశాడు.

రైల్వేకి ఒక పేరు, దేవుడికి ఒక పేరు. మధ్యలో నేనేమైపోవాలి? అమ్మ వైపు తిరిగాను. ఆవిడ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తూ, "నాకు పెళ్లికి ముందే సెప్పినారు," అంది నింపాదిగా. అయ్యగారికి తెలుసు. అమ్మకి తెలుసు. కాలనీలో పెద్దవాళ్లందరికీ తెలుసు. ఇన్నేళ్లూ తెలియనిది నాకొక్కదానికే.

అప్పుడు తట్టింది. సమాధుల తోటలో, గోడవారన, పేరు లేని సిమెంటు సిలువ ఒకటి ఉంది. ఏటా సమాధుల పండుగకి నాన్న నా చేత దానికి సున్నం వేయించి, కొవ్వొత్తి వెలిగించేవాడు. ఎవరిదని అడిగితే, ఎవరో దిక్కులేనోడిదనేవాడు.

"ఆ సిలువ..." అన్నాను. నాన్న తలూపి మళ్లీ చైను మీదకి వంగాడు.

దాదాకి ఇదంతా చెప్పలేను కదా. రెండు పేర్లూ మా నాన్నవేనని చెప్పాను. "కోయీ బాత్ నహీ దీదీ, ఇలాంటివి రోజూ చేస్తాం," అన్నట్టు చెయ్యి ఊపి అఫిడవిట్ టైపు చేశాడు. ఈ రెండు పేర్లు గలవాడు ఒకే మనిషి అని దాని సారాంశం. నాన్న సంతకం పెడితే చాలు. మర్నాడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నాతో వచ్చాడు. కలం పట్టుకున్నాక, "ఏటి రాసినాడో తెలుగులో సెప్పు," అన్నాడు. చెప్పాను.

కలం బల్ల మీద పెట్టేశాడు. "ఇద్దరం ఒకడే అని సంతకం పెడితే, మా యన్న పుట్టనే నేదన్నమాట. ఆడి పేరు తినేసినాను, సాలు. ఆణ్ణి కూడా నేకుండా సేసెయ్యమంటావా?"

కొట్టు బయట నిలబడి ఆయన్ని నానా మాటలూ అన్నాను. ఇప్పుడు గుర్తొస్తే సిగ్గేస్తుంది. నిజం రాయిస్తే పింఛను పోతుంది, అబద్ధం రాయించడానికి మనసొప్పదు, నా ఉద్యోగం ఎవరికి కావాలి అని అరిచాను. ఆయన చొక్కా గుండీ తిప్పుతూ అంతా విన్నాడు. విని, "సర్చి కాయితం తీసెయ్యి. బడి కాయితం ఒక్కటీ ఎట్టుకో. తండ్రి పేరు కాడ ఆడి పేరే రాయించు," అన్నాడు.

దాదా అలాగే చేశాడు. నెలాఖరుకి వారం ముందు సర్టిఫికెట్ వచ్చింది. చల్లటి కొత్త కాగితం, అశోక స్తంభం ముద్ర, నా పేరు, తండ్రి పేరు. ఆ పేరుగల మనిషి నేను పుట్టడానికి ఎన్నో ఏళ్ల ముందే చనిపోయాడు. సర్కారు మాత్రం నేను ఆయన కూతుర్నని రాసి ఇచ్చింది.

నాన్న ఆ కాగితం ఒకసారి తడిమి చూసి, సంచిలో పెట్టమని, నన్ను సమాధుల తోటకి తీసుకెళ్లాడు. పండుగా కాదు, ఆదివారమూ కాదు. పేరు లేని సిలువ ముందు చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"అన్నా," అన్నాడు. ఆ పిలుపు ఆయన నోట నేను వినడం అదే మొదలు. "పెళ్లయినా సేసుకోకుండా ఎల్లిపోనావు. ఇదుగో, నీ కూతురు. పైదేశం ఎల్తంది. దీవించు."

"అదేటి నాన్నా, అలగంటావు! మరి నువ్వు నాకేటవుతావు?" అని అరిచేశాను.

"కాయితాల్లో సిన్నాన్నని," అని, సిలువ మొదట్లో మొలిచిన గడ్డి పీకడానికి కూర్చున్నాడు.