హద్దురాయి కింద పెట్టె

నా ఫోన్‌ను తిట్టినన్ని తిట్లు ఈ జన్మలో నేను ఇంకెవరినీ తిట్టి ఉండను. పాపం, దాని తప్పేమీ లేదు. తిట్టాల్సిన మనిషి నా పక్కనే నిలబడి, ఆ ఫోన్‌ను తన చేతిలోకి తీసుకుని, "సెట్టింగ్స్‌లో ఏదో తేడా ఉండాది చెల్లెమ్మా" అన్నాడు. నేను నమ్మాను.

అతను నాకు తోడబుట్టిన అన్న కాదు. చిన్నప్పటి నుంచీ మా చర్చిలో ఒకే చాప మీద కూర్చుని పాటలు పాడినవాడు. మా నాన్న మంచాన పడ్డప్పుడు ఆస్పత్రికి మోసుకుపోయిందీ, సమాధి దగ్గర నేను కూలబడితే లేపి నిలబెట్టిందీ అతనే. అల్లూరు దాటి సముద్రం వైపు వెళ్తే నాన్న నాకు రాసిచ్చిన ఎకరం చేను ఉంది. దానికి తూర్పున ఈ అన్న రొయ్యల గుంట. మధ్యలో గట్టు, గట్టు వారన సర్వేవాళ్ళు పాతిన గ్రానైట్ హద్దురాయి. ఐస్ ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేసుకుని బతికే నాకు ఆ ఎకరమే ఆస్తి. నాన్న ఉన్నన్నాళ్ళూ ఏటా కోత పండక్కి మొదటి గింజలు ఆ చేలోంచే చర్చికి వెళ్ళేవి. ఆయన పోయినా అవి ఆగకూడదని నా పంతం.

జియోకాషింగ్ అనే ఆట నాకు నేర్పింది కూడా అన్నే. ఎవరో ఒక చిన్న డబ్బాను ఎక్కడో దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాల లెక్క యాప్‌లో పెడతారు. మిగతావాళ్ళు ఫోన్‌లో బాణాన్ని పట్టుకుని వెతుక్కుంటూ వెళ్ళి, డబ్బాలో ఉన్న కాగితం మీద సంతకం చేసి, మళ్ళీ ఉన్నది ఉన్నట్టు పెట్టి రావాలి. దొరికితే యాప్‌లో పసుప్పచ్చ నవ్వు మొహం, దొరక్కపోతే నీలం ఏడుపు మొహం. ఇంతే. వినేవాళ్ళకి పిచ్చిలా ఉంటుంది, ఆడేవాళ్ళకి నిద్ర పట్టదు. మా చుట్టుపక్కల ఆడేది మేమిద్దరమే. ఆదివారం ఆరాధన అయ్యాక నేను స్కూటీ మీద, అతను బండి మీద, కాలవ గట్లన్నీ తిరిగేవాళ్ళం.

ఉన్నది ఉన్నట్టు పెట్టడం దగ్గర అన్నకి మహా చాదస్తం. డబ్బా మూత కిందికి ఉండాలి. దాని మీద పెంకు ముక్క, పెంకు మీద గుప్పెడు ఇసుక, ఇసుక మీద ఒక ఆల్చిప్ప బోర్లించాలి. "మనం వచ్చి పోయినట్టు కూడా తెలీకూడదు" అనేవాడు. నేను నవ్వి, డబ్బాను ఊరికే లోపలికి తోసేస్తే కోపం వచ్చేది.

మా హద్దురాయి కింద నేనో డబ్బా దాచాను. నాన్న చేను, నాన్న హద్దు, నా డబ్బా. దాన్ని మొదట కనిపెట్టి సంతకం చేసింది కూడా అన్నే. ఆ తర్వాత శ్రీహరికోటకు రాకెట్ చూడ్డానికి వచ్చే ఆటగాళ్ళు కొందరు పనిలో పనిగా మా వైపూ వచ్చి వెతుక్కునేవాళ్ళు. యాప్‌లో నా పేజీ తీస్తే ఆ డబ్బాకి అన్నీ నవ్వు మొహాలే. ఫ్యాక్టరీలో భోజనాల వేళ అందరికీ చూపించి విసిగించేదాన్ని.

పోయిన ఎండాకాలం వాకాడులో మా అక్కకి ఆపరేషన్ అయితే ఆమె దగ్గర చాలా రోజులు ఉండిపోయాను. తిరిగి వచ్చేసరికి అన్న గుంట గట్టు కొత్తగా, వెడల్పుగా, ఎత్తుగా ఉంది. "తుపానుకి నిలబడాల కదమ్మా, మిషను పెట్టి ఎత్తించినా" అన్నాడు. మంచి పని చేశావన్నా అన్నాను. రాయి గట్టు వారనే ఉంది. నేల ఎండి, ఎక్కడ చూసినా ఒకటే బీడు. ఇంక చూడ్డానికేముంది?

వానలు పడ్డాక నాట్లు వేయించాను. ఏటా సరిపోయేంత నారే పోశాను. ఈసారి మిగిలిపోయింది. నాటే ఆడవాళ్ళు నడుములెత్తి, "ఏందిమా, ఇంత నారు పోసినావు? కయ్యలో ఇంక చోటేదీ!" అని ఎగతాళి చేశారు. నాకు చేతకాలేదనుకున్నాను. మిగిలిన నారు ఎవరికో ఇచ్చేసి ఇంటికి వచ్చాను.

ఆ తర్వాత రాకెట్ ఎగిరిన వారంలో ఏడుపు మొహాలు మొదలయ్యాయి. వచ్చినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు అదే రాశారు. బాణం రొయ్యల గుంట నీళ్ళలోకి చూపిస్తోంది, డబ్బా లేదు, దాచినవాళ్ళకి సరిగ్గా కొలవడం రాదా అని ఒకాయన వెటకారం కూడా. నాకు ఒళ్ళు మండిపోయింది. వెంటనే రాయి దగ్గరికి పోయి, వారనుంచి వేలు దూర్చి తడిమితే డబ్బా ఎప్పటిలాగే తగిలింది. కానీ ఫోన్ తీస్తే, నిజమే, బాణం గుంటలోకే చూపిస్తోంది!

యాప్‌కి జబ్బు చేసిందని అన్నను పిలిచాను. ఇద్దరం గట్టు మీద నిలబడి చేయని వైద్యం లేదు. లొకేషన్ ఆపి మళ్ళీ వేశాం. బ్యాటరీ ఆదా చేసే బొత్తాం ఆపాం. దిక్సూచి సరిచేయడానికి ఫోన్‌ను గాల్లో సున్నా చుట్టినట్టు తిప్పమంది యాప్. తిప్పాను. గుంట కాపలావాళ్ళు చూసి నవ్వారు. యాప్ తీసేసి మళ్ళీ వేశాను. ఏం చేసినా బాణం అటే.

"ఫోను పాతదైపోయింది చెల్లెమ్మా" అన్నాడు అన్న. "ఊరికే జనాల చేత తిట్లు తినేది ఎందుకు? ఈడ నిలబడి కొలిచి, కొత్త లెక్క పెట్టేయ్. సరిపోద్ది."

అదీ చేశాను. ఆ రాయి పక్కన నిలబడి, నా వేలితోనే, యాప్‌లో పాత చోటు తీసేసి కొత్త చోటు పెట్టాను. పెట్టగానే యాప్ ఒక ముక్క రాసి చూపించింది: ఈ డబ్బా పడమరకు జరిగింది. ఎంత దూరమో కూడా రాసింది. కళ్ళతో అంచనా వేస్తే ఒక బస్సు పొడవు ఉంటుంది. నాకు పడమరంటే ఏముంది, నా చేనే. అయినా నాకు తట్టలేదు. రాయి నడుస్తుందని ఎవరనుకుంటారు? అన్న మాత్రం, "ఇంక దిగులు లేదు లే" అని నా తల మీద చెయ్యి పెట్టాడు. 

గట్టు పక్క పైరు పసుప్పచ్చగా మారి, కొసలు మాడడం మొదలైంది. గుంటలోని ఉప్పునీరు ఊరుతోంది. ఎప్పుడూ లేనిది ఇంత లోపలికి ఎలా వచ్చిందా అని గట్టు మీద కూర్చున్నాను. చేతిలో ఫోన్ ఉంది. అప్పుడు తట్టింది. ఫోన్ తప్పు చూపితే ఒకరోజు ఇటు, ఒకరోజు అటు చూపాలి. ఇది వచ్చిన ప్రతి మనిషికీ ఒక్క పక్కకే చూపించింది. వాళ్ళందరి ఫోన్లూ పాతవేనా?

స్కూటీ తీసి కాలవ వంతెన దగ్గరికి పోయాను. దాని గోడ మీద ఎప్పుడో సర్వేవాళ్ళు చెక్కిన బాణం గుర్తు ఉంది. దాని లెక్క నా ఫోన్‌లో అన్నే ఎక్కించాడు, ఆట నేర్పిన కొత్తలో. గుర్తు పక్కన నిలబడి యాప్ తెరిచాను. నా కాళ్ళ దగ్గరికే చూపించింది. నా పాత ఫోను, నేను నానా తిట్లూ తిట్టిన ఫోను, గీత తప్పకుండా నిజం చెబుతోంది. అంటే జరిగింది రాయి.

మళ్ళీ రాయి దగ్గరికి వచ్చి కూర్చుని కింద తవ్వాను. ఆల్చిప్ప బోర్లించి ఉంది. దాని కింద ఇసుక, ఇసుక కింద పెంకు, పెంకు కింద డబ్బా, మూత కిందికి.

 మిషను నడిపేవాడికి అక్కడ డబ్బా ఉందనే తెలియదు, మట్టిలో కలిపేసేవాడు. తెలియనివాడెవడన్నా చూస్తే విసిరేసేవాడు. రాయిని పీకి నా చేలో పాతి, దానితో పాటు నా డబ్బాను కూడా తెచ్చి, ఇంత మురిపెంగా దాచేవాడు ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. వద్దు, వద్దు దేవుడా, ఇంకెవరైనా అయి ఉండాలి అనుకుంటూ అక్కడే కూర్చుని గట్టిగా ఏడ్చాను.

అన్న గుంట దగ్గర మేత చల్లిస్తున్నాడు. నేనేమీ అడగలేదు. ఆల్చిప్ప తీసి అతని చేతిలో పెట్టాను. అతని మొహంలో రంగు పోయింది.

"ఒక్క పంట తీసుకుని మళ్ళా ఆడనే పెట్టేద్దామనుకున్నా చెల్లెమ్మా. గుంట చాలలా." ఆల్చిప్పను వేళ్ళ మధ్య తిప్పుతూ, "నీ డబ్బా పారెయ్యలేదు కదా. జాగ్రత్తగానే పెట్టినా. నీ ఆట చెడకూడదని..." అన్నాడు.

"మా నాయన హద్దు పీకేదానికి చెయ్యి వచ్చింది. నా ప్లాస్టిక్ డబ్బా పారేసేదానికి రాలేదా అన్నా నీకు?" అన్నాను. కాపలావాళ్ళు పని ఆపేసి చూస్తున్నారు.  నేను వచ్చేశాను.

సర్వేయర్‌కి అర్జీ పెట్టుకున్నాను. ఆయన వచ్చి కొలిచి, రాయి ఎక్కడ ఉండాలో చూపించాడు. అన్న గొడవ పడలేదు. తనే గట్టు కొట్టించి, రాయి దాని చోట పాతించాడు. నా చేను నాకు వచ్చింది, సగం ఉప్పుతో వచ్చింది. ఈసారి కోత పండక్కి ఎప్పటిలా బస్తా కాదు, ఒక చిన్న సంచీ గింజలే తీసుకెళ్ళాను. చర్చిలో కానుకలు అందుకునే పెద్ద కూడా అతనే. అతని చేతికి ఇవ్వలేక, సంచీ నేల మీద పెట్టి వచ్చేశాను.

డబ్బాను మాత్రం రాయి కిందే ఉంచాను. యాప్‌లో పాత లెక్క మళ్ళీ పెట్టాను. ఇప్పుడు ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ ఇళ్ళకు పోతారు, నేను చేలోకి పోతాను. ఆట కోసం కాదు. రాయి పక్కన నిలబడి ఫోన్ తీసి, అది ఉన్నచోటే ఉందా అని చూసుకుంటాను.

మొన్న అలా నిలబడి ఉంటే అతను గట్టు మీద వస్తూ ఆగాడు. పలకరించకుండా పోలేకపోయాడు, మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

"యాప్ బాగా పనిచేస్తా ఉండాదా చెల్లెమ్మా?" అన్నాడు.

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అతన్ని అన్నా అని తప్ప పిలవలేదు. 

"బాగానే ఉందండీ" అన్నాను.